నెత్తిమీద గంగ

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ దిగి హౌరా స్టేషన్ బయటికొచ్చావు. ఎదురుగా పెద్ద ఉక్కు వంతెన, దాని కింద హుగ్లీ. అవతలి ఒడ్డున కోల్‌కతా. అమ్మమ్మ అప్పుడే పసుపు టాక్సీకి చెయ్యి ఊపుతోంది. వద్దని చెప్పు. మనం నది కిందనుంచి పోదాం.

ఎస్కలేటర్ మీద అమ్మమ్మ చెయ్యి పట్టుకో, చీర కుచ్చిళ్ళు చూసుకోమను. ఒకటి దిగితే ఇంకొకటి, అదీ దిగితే మరొకటి. ఈ మెట్రో స్టేషన్ నేలకి సుమారు 30 మీటర్ల లోతున ఉంది. అంటే పదంతస్తుల మేడెత్తు కిందికి దిగాలి. పైనున్న హారన్ల మోత ఇక్కడ వినిపించదు. ఏసీ చల్లదనం మొహానికి కొడుతుంది.

ప్లాట్‌ఫామ్ అంచున అద్దాల గోడ ఉంది చూడు. దానికీ తలుపులున్నాయి. రైలొచ్చి వాటికి సరిగ్గా ఎదురుగా ఆగాకే ఆ తలుపులూ, రైలు తలుపులూ తెరుచుకుంటాయి. పైన కరెంటు తీగ కోసం వెతుకుతున్నావా? ఉండదు. పట్టాల పక్కనే ఇంకో పట్టా ఉంది, 750 వోల్టుల కరెంటు దాంట్లోంచే వస్తుంది.

ఎక్కేశాం. తలుపులు మూసుకున్నాయి. కిటికీలో చీకటి.

ఉన్నట్టుండి సొరంగం గోడల మీద నీలం దీపాలు! అదిగో, నది కిందికి వచ్చేశాం. లెక్కపెట్టు: ఒకటి, రెండు, మూడు... నలభై అయిదు లోపు 520 మీటర్లూ దాటేస్తాం. నది అడుగుకి కూడా ఇంకో 13 మీటర్లు కిందున్నాం. మరి నీళ్ళు కారవా? బావిలోకి దించే సిమెంటు వరలు చూశావుగా, అలాంటివే, రైలు పట్టేంత పెద్దవి, పడుకోబెట్టి వరసగా పేర్చారనుకో. 2017లో పెద్ద యంత్రం ముందు మట్టి తొలుచుకుంటూ పోతే, దాని వెనకే ఈ వరలు ముక్కలు ముక్కలుగా బిగించారు. అతుకుల్లో పెట్టిన రబ్బరు తడి తగిలితే ఉబ్బి సందు మూసేస్తుంది.

రాజమండ్రి దగ్గర గోదావరి దాటుతుంటే అమ్మమ్మ కిటికీలోంచి రూపాయి వేసి దణ్ణం పెట్టింది గుర్తుందా? హుగ్లీ అంటే గంగే. ఇప్పుడు గంగ నెత్తిమీదుంది, రూపాయి ఎటు వేయాలి? అమ్మమ్మ పైకి చూసి చేతులు జోడించేసింది.

మహాకరణ్ స్టేషన్ దాటి ఎస్‌ప్లనేడ్. నిజానికి నది సులువుగానే దారిచ్చింది, మొండికేసింది ఊరే. ఇక్కణ్ణుంచి ముందుకి తవ్వుతుంటే 2019లో బౌబజార్ కింద నీటి ఊట తగిలి పైన ఇళ్ళు కుంగిపోయాయి. నది కింద రైళ్ళు 2024 మార్చిలోనే మొదలైనా, ఎస్‌ప్లనేడ్ నుంచి సియాల్దా ముక్క కలిసింది 2025 ఆగస్టులో.

ఎస్‌ప్లనేడ్‌లో దిగి పాత లైనుకి మారదాం. మన దేశంలో మొట్టమొదటి మెట్రో ఇదే. 1984 అక్టోబరు 24న ఇక్కణ్ణుంచి భవానీపూర్ దాకా నడిచింది, మూడున్నర కిలోమీటర్లు కూడా లేదు. అప్పుడు రోడ్డునే నిలువునా తవ్వి, గోతిలో సొరంగం కట్టి, పైన మళ్ళీ రోడ్డు వేశారు. ఆ తవ్వకాలతో ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి పడిన అవస్థ అంతా ఇంతా కాదు.

బోర్డు చదువు. ఉత్తరానికి దక్షిణేశ్వర్, దక్షిణానికి కాళీఘాట్. రెండుచోట్లా కాళీమాత గుళ్ళే, ముందు ఎటని అమ్మమ్మనే అడుగు. తొందరగా, రైలు వచ్చేస్తోంది.