కార్తికంలో పూచే అమెరికా పొద



మన ఇళ్లలోని మల్లె, కరివేపాకు కుండీలు చలి మొదలు కాగానే లోపలికి చేరుతాయి. వాటిపై మీ తల్లిదండ్రుల మమకారం మీకు తెలిసినదే. ఏ ఆచ్ఛాదనా కోరక మంచులోనే నిలిచే విచ్ హేజెల్ అనే పొద చరిత్రను కూడా మీరు తెలుసుకోవాలి. ఇది ఈ దేశపు తూర్పు అడవుల నుండి మన షికాగో ప్రాంతం వరకు సహజంగా పెరుగుతుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో, అంటే సుమారు మన కార్తికమాసంలో, ఆకులు రాలే వేళ దీని కొమ్మలపై సన్నని పసుపు రేకుల పూలు విచ్చుకుంటాయి. అదే కాలంలో నిరుటి పూల కాయలు పగిలి గింజలను దూరంగా చిమ్ముతాయి.

దీని గుణం మొదట ఎరిగినవారు ఇక్కడి మూలవాసులు. వాపులకు, చర్మబాధలకు దీని కషాయాన్ని వాడేవారు. బెరడులోని వగరు టానిన్లే ఆ గుణానికి ఒక కారణమని నేటి వైద్యం చెబుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒనైడా ప్రజల నుండి ఈ మందును తెలుసుకొని థెరాన్ పాండ్ 1846లో ఔషధంగా తయారుచేశాడు. మన అమ్మమ్మల అద్దం ముందుండే పాండ్స్ డబ్బాపై పేరు అతనిదే. పాండ్ పేరు లోకమెరుగును. ఒనైడా పేరు ఎరిగినవారెందరు? వారిలో అనేకుల సంతతి నేడు మనకు ఉత్తరాన విస్కాన్సిన్‌లోనే ఉన్నది. వైద్యురాలిగా ఈ ఋణాన్ని మీకు గుర్తుచేయడం నా విధి.

జెన్స్ జెన్సెన్ మనవలెనే వలస వచ్చినవాడు. 1884లో డెన్మార్క్ నుండి వచ్చి, షికాగో పార్కులలో కూలీగా పనిచేశాడు. విదేశీ మొక్కలతో తీర్చిన పూలమడులు వాడిపోవడం చూచి, చుట్టుపక్కల పొలిమేరల నుండి అడవిమొక్కలు తెచ్చి, 1888లో యూనియన్ పార్కులో ‘అమెరికన్ గార్డెన్’ను పెంచాడు. ఈ నేల మొక్కలతో, ప్రకృతి పోకడలో తోట వేయడం అతని జీవితకృషి అయినది.

విచ్ హేజెల్‌ను ఆ పద్ధతిలోనే పెంచండి. పెద్ద చెట్ల అంచున, తేమ ఉండి నీరు నిలువని చోట నాటండి. 15 అడుగుల వరకు పెరగగలదు గనుక చోటు విడువండి. గుండ్రంగా కత్తిరించవద్దు, రాలిన ఆకులను మొదట్లోనే ఉండనీయండి. గింజ మొలవడానికి తరచు రెండు శీతాకాలాలు పడుతుంది.

పరాయి పువ్వు గుడి ముంగిట తగునా అని ఎవరైనా అడిగితే మన తోరణాల బంతిపూలను చూపండి. బంతికి పుట్టినిల్లు మెక్సికో. నేడు అది లేని తెలుగు పండుగ అరుదు. ఇక్కడ మనమే బంతి వంటివారము, విచ్ హేజెల్ ఇంటిది. కార్తిక దీపం వెలిగించిన సాయంత్రం మీ పిల్లలకు దానిని చూపి, ఒనైడా వారి పేరు కూడా చెప్పండి.