అడవి పద్దు: ఒక గుమాస్తా జ్ఞాపకాలు

ప్రత్యేక సంచికకు "మీ శాఖ చరిత్ర ఏదైనా రాయండి" అని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు మొదట సందేహించాను. నేను అడవిలో తిరిగిన రేంజరును కాను. పులిని కళ్లారా చూసినవాణ్ణీ కాను. 1974లో ఎల్.డి.సి.గా చేరి (తర్వాత ఆ పోస్టుకే జూనియర్ అసిస్టెంట్ అని పేరు మార్చారు), 2009లో పదవీ విరమణ చేసేదాకా ఎక్కువ కాలం అటవీ శాఖ కార్యాలయాల్లో బిల్లుల సెక్షన్‌లో కూర్చున్న గుమాస్తాను. అయితే అడవుల గురించి, పార్కుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, వాటి ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎక్కడ ఆగింది అన్నది రాసేవాళ్లు తక్కువ. అది నా బల్ల మీదుగా పోయిన విషయం గనుక రాస్తున్నాను.

మాది కొత్తకోట. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే రోడ్డు మీద ఉన్న ఊరు. ఇప్పుడు వనపర్తి జిల్లా, నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ మహబూబ్‌నగర్ జిల్లా. మా చుట్టుపక్కల ఎర్ర నేలలు, రాళ్ల గుట్టలు తప్ప అడవి లేదు. చిన్నప్పుడు బడి నుంచి మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి తీసుకెళ్లారు. ఏడు వందల ఏండ్ల చెట్టని మాస్టారు చెప్పారు. ఊడలు ఎకరాల కొద్దీ పరచుకున్న ఆ చెట్టు కింద కూర్చుని సద్దులు తిన్నాం. ఆ చెట్టును చూసుకోవడానికి కూడా ఒక మనిషి ఉండాలని, ఆ మనిషికి జీతం ఉండాలని ఆ వయసులో తట్టలేదు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడి, సందర్శకులను ఆపేశారు. 2018లో చెదలను చంపడానికి మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు చెట్టుకు సీసాలతో మందు ఎక్కించారు. పత్రికల్లో ఆ ఫొటో మీరంతా చూసే ఉంటారు.

ఇక మన ప్రాంతపు పెద్ద అడవి నల్లమల. అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు ఎక్కితే అమ్రాబాద్ పీఠభూమి. నిజాం కాలంలో అది షికారు అడవి. ఫర్హాబాద్ దగ్గర నవాబుల వేట విడిది ఉండేది. 1940 ప్రాంతంలో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు చెంచుల మధ్య ఉండి, వాళ్ల జీవితం మీద పుస్తకం రాశాడు. ఆయన సలహా మీదనే నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ అడవిలో చెంచుల కోసం కొంత ప్రాంతాన్ని ప్రత్యేక రిజర్వుగా కేటాయించింది. అటవీ పాలనకు 1355 ఫస్లీ నాటి హైదరాబాదు అటవీ చట్టం ఆధారం. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చేదాకా అదే నడిచింది.

ఒక్క సంగతి గమనించాలి. నేను చేరేనాటికి అటవీ శాఖ అంటే ప్రభుత్వానికి రాబడి తెచ్చే శాఖ. కలప, వెదురు, తునికాకు. 1971 చట్టంతో తునికాకు వ్యాపారాన్ని ప్రభుత్వమే చేతికి తీసుకుంది. ఏటా ఎంత రాబడి తెచ్చారన్నదే అధికారుల పనితీరుకు కొలత. అలాంటి శాఖకు 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో కేంద్రం ప్రాజెక్ట్ టైగర్ ప్రారంభించింది. 42వ రాజ్యాంగ సవరణతో అడవులు రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడి, 1983లో పులుల రిజర్వు అయింది. అప్పటి మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో 3,568 చదరపు కిలోమీటర్లు. దేశంలోకెల్లా పెద్ద రిజర్వని మా ఆఫీసులో గర్వంగా చెప్పుకునేవాళ్లం. అప్పటిదాకా నరికి అమ్మితే డబ్బు వచ్చిన అడవిని ఇక నరకకూడదు. పైగా దాన్ని కాపాడటానికి డబ్బు పెట్టాలి. చట్టం ఒక్కరోజులో మారింది. పద్దుల పద్ధతి మాత్రం అంత తొందరగా మారలేదు.

ట్రెజరీ సంగతి తెలిసిన మిత్రులకు ఇది సులువుగా అర్థమవుతుంది. అటవీ శాఖ రాబడికి 0406 పద్దు, ఖర్చుకు 2406 పద్దు. గేటు దగ్గర టికెట్టు కొన్నా, విడిదిగృహానికి అద్దె కట్టినా అది 0406 కింద ప్రభుత్వ ఖజానాకు జమ. ఆ పార్కుకే అది తిరిగి రావాలని ఎక్కడా లేదు. ఖర్చు కావాలంటే 2406 కింద బడ్జెట్ రావాలి. ఒక తలుపులోంచి లోపలికి పోయిన డబ్బుకూ, ఇంకో తలుపులోంచి బయటికి వచ్చే డబ్బుకూ చుట్టరికం లేదు. ప్రాజెక్ట్ టైగర్ కింద రోడ్లు, భవనాలు, వాహనాల వంటి ఒక్కసారి ఖర్చంతా అప్పట్లో కేంద్రానిది. ఏటేటా వచ్చే ఖర్చు కేంద్రం సగం, రాష్ట్రం సగం. అందువల్ల జీపు కొనడం తేలిక, జీపులో డీజిలు పోయించడం కష్టం. కావలి టవరు కట్టడం తేలిక, దాని మీద మనిషిని నిలబెట్టడం కష్టం. కేంద్రం వాటా రావాలంటే పోయినసారి డబ్బుకు వినియోగ ధ్రువపత్రం పంపాలి. అది తయారయ్యేసరికి సగం సంవత్సరం గడిచేది. మంజూరు కాగితాలు చాలాసార్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికందేవి.

నల్లమలలో అగ్గి కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా. ఆకు రాలి, గడ్డి ఎండి, ఒక్క బీడీ ముక్క చాలు. ఫైర్ లైన్లు, అంటే మంట ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దాటకుండా గడ్డీ ఆకూ తీసేసిన బాటలు, జనవరిలోనే తయారు కావాలి. కావలివాళ్లు ఫిబ్రవరి నుంచే అడవిలో ఉండాలి. అడవి సంవత్సరం ఒకటి, సర్కారు సంవత్సరం ఒకటి. రెండూ ఎదురెదురుగా నడిచేవి.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఆఫీసు పేరు చెప్పను. 1987 మార్చి చివరి వారం. ఒక సెక్షన్ నుంచి పదకొండు మంది ఫైర్ వాచర్ల కూలి బిల్లు వచ్చింది. అందరూ చెంచులే. మస్టరు రోలు కూడికకూ, వోచరు మొత్తానికీ పద్నాలుగు రూపాయల తేడా ఉంది. ఒక వేలిముద్ర పక్కన సాక్షి సంతకం లేదు. నేను ఎర్ర సిరాతో ఇంగ్లీషులో అబ్జెక్షన్ రాసి, "సవరించి పంపవలెను" అని తిప్పి పంపాను. ఆ రోజు అలాంటి బిల్లులు నలభై దాకా చూశాను. దాన్ని గురించి మళ్లీ ఆలోచించలేదు.

బిల్లు రేంజికి పోయి, సంతకాలు చేయించుకుని తిరిగి వచ్చేసరికి ఏప్రిల్ మూడో తారీఖు. మార్చి 31తో నిధులు మురిగిపోయాయి. కొత్త బడ్జెట్ నుంచి ఇవ్వాలంటే పాత బాకీగా మళ్లీ మంజూరు తేవాలి. మూడు నెలల కూలి రాని మనుషులు ఎన్నాళ్లు కాపలా కాస్తారు? తునికాకు కల్లాలకు కూలికి పోయారు. ఆ ఏప్రిల్‌లో ఆ సెక్షన్‌లో అగ్గి పడింది. చూసి కేక వేసే మనిషి లేడు.

జూన్ చివర, తొలకరి పడ్డాక, ఒక ముసలి చెంచు ఆఫీసుకు వచ్చాడు. ఎవరో నా బల్ల చూపించారు. కూర్చో తాతా అన్నా కూర్చోలేదు.

"సారూ, మా పైసలు ఏడున్నయి?"

"వచ్చే నెల రావచ్చు తాతా. బడ్జెట్ రావాలె."

"అడివి కాలంగ బడ్జెట్ రాకపాయె. ఇప్పుడు వాన పడుతున్నది. ఇప్పుడొస్తె దేనికి సారూ?"

ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను ఫైలు తీసి చూస్తున్నట్టు నటించాను. ఫైల్లో నా ఎర్ర సిరా ఉంది. ఆయనకు చదువు రాదు గనుక అది ఎవరి రాతో ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. కూలి ఆగస్టులో ఇచ్చారు. మా సూపరింటెండెంటు గారితో ఈ సంగతి చెప్పుకుంటే, "రూలు ప్రకారం నీ తప్పేం లేదయ్యా" అన్నారు. నిజమే. రూలు ప్రకారం ఎవరి తప్పూ లేదు. పద్నాలుగు రూపాయలు నేను కాపాడాను. ఎన్ని చెట్లు పోయాయో ఆ లెక్క ఏ పద్దులోనూ రాలేదు.

ఆ మరుసటి ఏడు నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఫిబ్రవరిలోనే రేంజి గుమాస్తాలను మస్టర్లతో పిలిపించి, నా బల్ల దగ్గరే కూడికలు సరిచూసి, సంతకాలు లేనివి అక్కడే చెప్పి పంపేవాణ్ణి. మార్చిలో వచ్చిన బిల్లుకు అబ్జెక్షన్ రాసేముందు, ఇది వెనక్కి పోయి మళ్లీ ఎన్ని రోజులకు వస్తుంది అని లెక్క వేసుకునేవాణ్ణి. నా సర్వీసులో నేను చేసిన అటవీ సంరక్షణ ఏదైనా ఉంటే అదే.

తర్వాత కొన్ని మంచి మార్పులు వచ్చాయి. 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, ప్రతి పులుల రిజర్వుకూ ఒక టైగర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ ఏర్పాటు చేయమన్నారు. సందర్శకుల రుసుము ఖజానాకు పోకుండా ఆ ఫౌండేషన్‌లోనే ఉండి, ఆ అడవికే ఖర్చయ్యే వీలు కలిగింది. నా దృష్టిలో ఇది చాలా పెద్ద సంస్కరణ. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల రిజర్వు అయింది. బేస్ క్యాంపుల్లో ఇవాళ కూడా కాపలా కాసేవాళ్లలో చెంచులు ఉన్నారు.

రెండోది కాంపా నిధి. గనులకో, ప్రాజెక్టులకో అటవీ భూమి తీసుకున్నవాళ్లు కట్టే పరిహారం ఇది. సుప్రీంకోర్టు 2002లో దీనికి ప్రత్యేక నిధి పెట్టమన్నది. 2016లో చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగా బదిలీ చేస్తే, తెలంగాణ వాటా సుమారు 3,110 కోట్లు. అయితే ఇది ఒకచోట అడవి పోయినందుకు వచ్చిన డబ్బు. ఎక్కువ వచ్చిందని సంతోషించే రకం రాబడి కాదు. పైగా రెగ్యులర్ సిబ్బంది జీతాలకు దీన్ని వాడకూడదు. మళ్లీ పాత కథే. మొక్కకు డబ్బుంది, దాన్ని చూసే ఉద్యోగికి వేరే పద్దు వెతకాలి.

టికెట్టు డబ్బుతోనే అన్నీ నడపవచ్చు కదా అని కొందరంటారు. తెలంగాణలో ఉన్న మూడు జాతీయ పార్కులు, అంటే కాసు బ్రహ్మానంద రెడ్డి పార్కు, వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి, చిలుకూరు మృగవని, మూడూ హైదరాబాదు చుట్టుపక్కలే ఉన్నాయి. పొద్దున నడకకు వచ్చేవాళ్లు, ఆదివారం పిల్లలతో వచ్చేవాళ్లు అక్కడ ఉంటారు. నల్లమల లోపలికి ఎందరు వస్తారు? టికెట్టు అమ్ముడయ్యే చోటు వేరు, ఖర్చు అవసరమైన చోటు వేరు.

ధనిక దేశాల్లోనూ ఈ బాధ ఉంది. 2012 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లాను. అక్కడ జాతీయ పార్కులు వేరు, రాష్ట్ర ప్రభుత్వం నడిపే స్టేట్ పార్కులు వేరు. ఎత్తయిన చెట్ల మధ్య శుభ్రమైన బాటలు, గేటు దగ్గర కారుకు రుసుము. ఇంత బాగా నడుపుతున్నారే అనుకుంటుంటే మా అల్లుడు అసలు సంగతి చెప్పాడు. 2 కోట్ల 20 లక్షల డాలర్లు మిగల్చడానికి 70 పార్కులు మూసేస్తామని అంతకుముందు ఏడాది ప్రభుత్వం ప్రకటించిందట. జనం చందాలు వేసుకున్నారు, స్వచ్ఛంద సంఘాలు ముందుకొచ్చి కొన్ని పార్కులను నడుపుతామన్నాయి. నేను అక్కడ ఉండగానే జూలైలో బయటపడిందేమంటే, ఆ శాఖకు చెందిన రెండు నిధుల్లో కలిపి 5 కోట్ల 40 లక్షల డాలర్లు పైకి చూపకుండా ఏళ్ల తరబడి ఉండిపోయాయి! శాఖాధిపతి రాజీనామా చేశారు. నేను మా అల్లుడితో అన్నాను: "మా ఆఫీసులో నెలనెలా ట్రెజరీ లెక్కతో మా లెక్క సరిచూడమని ప్రాణం తీసేవాళ్లు. ఎందుకో ఇప్పుడు తెలిసింది." పార్కులు మూతపడేదాకా వచ్చింది డబ్బు లేక కాదు, లెక్క సరిచూడక.

ఇక మన ఇళ్ల దగ్గరి సంగతి. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 పురపాలక చట్టం ప్రకారం స్థానిక సంస్థల బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి. 2020 నుంచి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వెలిశాయి. 2021 అక్టోబరులో హరిత నిధి ప్రకటించారు. ప్రభుత్వ ఉద్యోగుల జీతం నుంచి నెలకు 25 రూపాయలు, అఖిల భారత సర్వీసు అధికారుల నుంచి 100, శాసనసభ్యుల నుంచి 500. మా అబ్బాయి జీతం స్లిప్పులో ఆ 25 రూపాయల కోత చూసి నవ్వుకున్నాను. నేను పద్నాలుగు రూపాయలు ఆపినవాణ్ణి కదా.

మా కొత్తకోట దగ్గరి ఒక ఊళ్లో అలాంటి వనం ఉంది. మోకాళ్లు బాగున్న రోజు ఆటోలో పోయి అక్కడ కూర్చుంటాను. వేప, కానుగ, ఉసిరి బాగా ఎదిగాయి. 2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగుతాయి. ఆ మధ్య ఒక వేసవిలో చూస్తే లేత మొక్కలు వరుసగా ఎండి ఉన్నాయి. నీళ్లు పోసే ఆమెను అడిగితే, "పైసలు రాలె అయ్యా, వేరే పనికి పోయిన" అన్నది. నాకు 1987 గుర్తుకొచ్చింది.

మిత్రులారా, మనలో ట్రెజరీలో చేసినవాళ్లున్నారు, ఆడిట్‌లో చేసినవాళ్లున్నారు, ఎం.డి.ఓ. ఆఫీసుల్లో చేసినవాళ్లున్నారు. మొక్కలు నాటే ఓపిక మనకు లేకపోవచ్చు. కాగితం ఎక్కడ ఆగుతుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. జనవరి నెలలో ఒక పూట మీ ఊరి పంచాయతీ కార్యదర్శి దగ్గర కూర్చోండి. ఆ పది శాతం పద్దులో ఎంత ఉంది, వేసవి నాలుగు నెలల నీళ్ల కూలికి ఎంత పక్కన పెట్టారు అని అడగండి. చిన్నవాళ్లు, పని వత్తిడిలో ఉంటారు, గౌరవంగా అడగండి. బిల్లు ఉంటే కూడికలు మీరే సరిచూసి పెట్టండి. మార్చి రాకముందే.