మత్తును పసిగట్టే వాహనం: నూరేళ్ళ అన్వేషణ

1897 సెప్టెంబరులో ఒక రాత్రి, లండన్ నగరంలో జార్జ్ స్మిత్ అనే టాక్సీ డ్రైవరు తన విద్యుత్ బండితో బాండ్ వీధిలోని ఒక భవనాన్ని గుద్దాడు. తాగి మోటారు వాహనం నడిపిన నేరానికి శిక్ష పడిన మొట్టమొదటి వ్యక్తిగా అతని పేరు చరిత్రలో నిలిచిపోయింది. అతను ఎంత తాగాడో తేల్చగల సాధనం ఆనాడు ఎవరి దగ్గరా లేదు. నేరం ఒప్పుకున్నాడు గనుక జరిమానాతో కేసు ముగిసింది. ఒప్పుకోనివాడి సంగతేమిటన్న ప్రశ్న తరువాతి అర్ధశతాబ్దం పాటు వైద్యులనూ, రసాయన శాస్త్రజ్ఞులనూ వెంటాడింది. దానికి సమాధానం దొరికాక మరో ప్రశ్న మిగిలింది. ప్రమాదం జరిగాక కొలిచే మత్తును, బండి కదలక ముందే కొలవలేమా? ఈ రెండో ప్రశ్న పుట్టి యాభై ఏళ్ళు దాటింది. కొలిచే విద్య చాలావరకు చేతికి వచ్చినా, ప్రతి కారులోనూ దానిని అమర్చడానికి సమాజం ఇంకా పూర్తిగా సమ్మతించలేదు.

రక్తం నుంచి శ్వాసకు

మత్తును అంకెలలోకి దించినవాడు స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ విడ్‌మార్క్. వేలి కొన నుంచో చెవి తమ్మె నుంచో తీసిన కొద్దిపాటి రక్తంలో ఆల్కహాలును కొలిచే పద్ధతిని ఆయన 1922లో ప్రకటించాడు. తాగిన తరువాత ఆల్కహాలు రక్తంలో ఎలా పెరుగుతుందో, కాలేయం దానిని గంటకు ఇంతని ఎలా తగ్గిస్తుందో లెక్క కట్టి చూపించాడు. ఆ లెక్కల బలంతోనే 1936లో నార్వే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరమని చట్టం చేసింది. డ్రైవరు తూలుతున్నాడా, మాట తడబడుతోందా అన్న వాదనతో ఇక పనిలేకుండా పోయింది.

నడిరోడ్డు మీద రక్తం తీయడం పోలీసుకు సాధ్యమయ్యే పని కాదు. ఆ అవసరాన్ని శ్వాస తీర్చింది. ఊపిరితిత్తుల గాలి గదులలో రక్తమూ గాలీ పలుచని పొరకు అటూ ఇటూ ఉంటాయి. రక్తంలోని ఆల్కహాలులో కొంత భాగం ఒక స్థిర నిష్పత్తిలో గాలిలోకి చేరుతుంది. సుమారు 2,100 మిల్లీలీటర్ల నిశ్వాసంలో ఉన్న ఆల్కహాలు ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్నదానికి సమానమని లెక్క. 1930లలో ఇండియానా విశ్వవిద్యాలయ ఆచార్యుడు రోలా హార్గర్ రూపొందించిన ‘డ్రంకోమీటర్’లో అనుమానితుడు బుడగలోకి ఊదేవాడు. ఆ గాలి పర్మాంగనేటు ద్రావణం గుండా పోతే, ఆల్కహాలును బట్టి దాని రంగు మారేది. 1954లో ఇండియానా రాష్ట్ర పోలీసు శాఖలో పనిచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ తయారుచేసిన ‘బ్రెతలైజర్’ రంగు మార్పును కాంతి మీటరుతో కొలిచింది. ఆయనే మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో ప్రమాదాలు చేసిన డ్రైవర్లనూ, చేయనివారినీ పోల్చి, 80 మిల్లీగ్రాముల దగ్గర నుంచి ప్రమాదావకాశం ఎంత వేగంగా పెరుగుతుందో 1964లో చూపించాడు. బ్రిటన్ 1967లో అదే అంకెను చట్టంలో రాసుకుంది.

తాళం వేసిన ఇంజను

ఈ పరికరాలన్నీ బండి రోడ్డెక్కాక పనికొచ్చేవే. 1969లో బోర్గ్-వార్నర్ సంస్థ రూపొందించిన ఇంటర్‌లాక్ ఈ వరుసను తిరగవేసింది. డ్రైవరు ముందు గొట్టంలోకి ఊదాలి. ఆల్కహాలు కనిపిస్తే ఇంజను స్టార్టు కాదు. అదే కాలంలో జనరల్ మోటార్స్ మరో దారి తొక్కింది. డాష్‌బోర్డు మీద కొన్ని అంకెలు మెరిసి మాయమవుతాయి. వాటిని గుర్తుపెట్టుకుని మీటలు నొక్కగలిగితేనే కారు కదులుతుంది. తాగనివాళ్ళలోనే జ్ఞాపకశక్తి, చేతివేగం మనిషికొక రకంగా ఉండడంతో ఇలాంటి పరీక్షలు నిలబడలేదు. బాగా అలవాటు పడ్డ తాగుబోతు నెగ్గేవాడు, పెద్ద వయసువాడు తాగకుండానే ఓడిపోయేవాడు.

ఇంతలో ఒక పక్క సంఘటన ఈ చరిత్రను మలుపు తిప్పింది. సీటు బెల్టు పెట్టుకుంటే తప్ప స్టార్టు కాని కార్లు 1974 మోడళ్ళతో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. పక్క సీటులో కూరగాయల సంచి పెట్టినా మనిషి కూర్చున్నాడనుకుని కారు మొండికేసేది. ప్రజాగ్రహం ఎంత పెల్లుబికిందంటే, ఆ ఏడాదే కాంగ్రెస్ చట్టం చేసి అలాంటి ఏర్పాటును తప్పనిసరి చేయకుండా ప్రభుత్వం చేతులు కట్టేసింది. బెల్టు ప్రాణాలు కాపాడుతుందన్నది అప్పటికే తెలిసిన విషయం. అయినా తప్పు చేయనివాడిని ఇబ్బంది పెట్టిన యంత్రాన్ని జనం క్షమించలేదు.

అప్పటి నుంచి ఇంటర్‌లాక్ శిక్ష పడినవారికే పరిమితమైంది. 1980లో కాలిఫోర్నియాలో తాగిన డ్రైవరు చేతిలో కూతురిని పోగొట్టుకున్న కాండేస్ లైట్నర్ స్థాపించిన మాతృసంఘం ‘మాడ్’ ఒత్తిడితో శిక్షలు కఠినమయ్యాయి. 1986లో కాలిఫోర్నియా ప్రయోగాత్మకంగా ఇంటర్‌లాక్ చట్టం చేసింది. 2005లో న్యూ మెక్సికో, మొదటిసారి పట్టుబడినవారికి కూడా దానిని తప్పనిసరి చేసింది. పరికరం కారులో ఉన్నంతకాలం మళ్ళీ తాగి నడపడం మూడింట రెండు వంతుల దాకా తగ్గుతుందని అధ్యయనాలు తేల్చాయి. తీసేశాక ఆ మేలు చాలావరకు పోతుంది. వైద్యులకు ఇందులో ఆశ్చర్యం లేదు. వ్యసనం రోగం, ఇంటర్‌లాక్ దానికి కట్టు మాత్రమే.

ఊదనక్కరలేని పరీక్ష

దీనికన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ప్రాణాంతక ప్రమాదాలు చేసిన తాగిన డ్రైవర్లలో అత్యధికులకు అంతకు ముందు అలాంటి శిక్ష పడి ఉండదు. శిక్షితుల కార్లకు తాళం వేసినంత మాత్రాన వీళ్ళు ఆగరు. అందుకే 2008లో అమెరికా రహదారి భద్రతా సంస్థ నిట్సా, కార్ల కంపెనీల కూటమి కలిసి ‘డాడ్స్’ అనే పరిశోధనకు పూనుకున్నాయి. గొట్టం, ఊదడం లేకుండా, తాగని డ్రైవరుకు తెలియనంత సులువుగా పరీక్ష జరగాలన్నది లక్ష్యం.

అందులో ఒక పద్ధతి శ్వాసది. డ్రైవరు మామూలుగా వదిలిన ఊపిరి కారులోని గాలితో కలిసి పలచబడుతుంది. నిశ్వాసంలో కార్బన్ డయాక్సైడు 4 శాతం పైన ఉంటుంది, బయటి గాలిలో 0.04 శాతం. సెన్సరు పరారుణ కాంతితో ఈ వాయువునూ ఆల్కహాలునూ ఒకేసారి కొలిస్తే, ఊపిరి ఎంత పలచబడిందో మొదటి కొలత చెబుతుంది. దాంతో అసలు మోతాదు లెక్కకు వస్తుంది. రెండో పద్ధతి స్పర్శ. స్టార్టు మీట మీద వేలు పెట్టగానే పరారుణ కాంతి చర్మంలోకి చొచ్చుకుపోయి తిరిగి వస్తుంది. ఆల్కహాలు పీల్చుకున్న తరంగాల లోటును బట్టి కణజాలంలోని మోతాదు తెలుస్తుంది.

మూడో దారి కెమెరాలది. కళ్ళు, తల కదలిక, స్టీరింగు తీరు చూసి డ్రైవరు స్థితిని అంచనా వేసే కార్లు తెస్తామని వోల్వో 2019లో ప్రకటించింది. ఈ దారికి ఒక సుగుణం, ఒక లోపం ఉన్నాయి. రక్తంలో చక్కెర పడిపోయిన మధుమేహ రోగి కూడా తాగినవాడిలాగే తడబడతాడు. కారు ఆగితే అతని ప్రాణం దక్కుతుంది. అతన్ని తాగుబోతుగా నమోదు చేస్తే అన్యాయం జరుగుతుంది.

చట్టం, సందేహం

2019 జనవరిలో ఫ్లోరిడా నుంచి మిషిగన్‌కు తిరిగివెళుతున్న అబ్బాస్ కుటుంబం కెంటకీలో ఎదురుదారిన వచ్చిన తాగిన డ్రైవరు వల్ల మొత్తంగా తుడిచిపెట్టుకుపోయింది. తల్లిదండ్రులు, ముగ్గురు పిల్లలు. తల్లి వైద్యురాలు. వారి పేరున ప్రతిపాదించిన బిల్లులోని ముఖ్యాంశం 2021 నవంబరులో మౌలిక సదుపాయాల చట్టంలో చేరింది. మత్తును దానంతటదే గుర్తించి వాహనాన్ని నిరోధించే సాంకేతికతను కొత్త కార్లలో తప్పనిసరి చేస్తూ మూడేళ్ళలో నిబంధన తేవాలని అది నిట్సాను ఆదేశించింది. 2019లో తాగిన డ్రైవర్ల ప్రమాదాలలో 10,142 మంది మరణించారనీ, ఈ సాంకేతికత ఏటా 9,400కు పైగా మరణాలను ఆపగలదనీ చట్టమే పేర్కొంది. నిట్సా 2023 డిసెంబరులో అభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది. 2024 నవంబరు గడువు నాటికి తుది నిబంధన రాలేదు. ఈలోగా ఇది పోలీసుల చేతికి ‘కిల్ స్విచ్’ ఇస్తుందన్న ప్రచారం సాగింది. దూరం నుంచి కారు ఆపే అధికారాన్ని ఈ చట్టం ఎవరికీ ఇవ్వలేదు.

ప్రచారం సంగతి అలా ఉంచితే, నిజమైన చిక్కులూ లేకపోలేదు. దేశంలో రోజుకు నూరు కోట్ల కారు ప్రయాణాలు జరుగుతాయనుకుందాం. యంత్రం 99.9 శాతం సరిగా చెప్పినా, ప్రతిరోజూ పది లక్షల ప్రయాణాలలో తప్పు తీర్పు వస్తుంది. ప్రసవవేదనలో ఉన్న భార్యను ఆసుపత్రికి తీసుకువెళుతున్నవాడు వారిలో ఒకడు కావచ్చు. తాగిన మిత్రులను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, తాను తాగకుండా ఇంటికి చేరవేసే స్నేహితుడిని యంత్రం వేరుగా గుర్తుపట్టాలి. తాగిన వెంటనే బయలుదేరినవాడి రక్తంలో మోతాదు దారిలో ఇంకా పెరుగుతుంది కాబట్టి మొదటి కొలత ఒక్కటే చాలదు. ఆ కొలతలు ఎక్కడ దాచాలి, బీమా కంపెనీ వాటిని అడగవచ్చా అన్నది మరో తగవు.

ఇతర దేశాలు మెల్లగా అడుగులేస్తున్నాయి. కావలసినవారు ఇంటర్‌లాక్‌ను సులువుగా బిగించుకునే ఏర్పాటు కొత్త మోడళ్ళలో ఉండాలని యూరోపియన్ యూనియన్ 2022 నుంచి నిర్దేశించింది. భారత చట్టం 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరమంటుంది. అది అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలు పాటించే 80 కన్నా ఎంతో కఠినం. తెలుగు రాష్ట్రాల ఆర్టీసీ డిపోలలో డ్యూటీ ఎక్కే ముందు డ్రైవర్లకు శ్వాసపరీక్ష చేసే పద్ధతి ఉంది. ఇంటర్‌లాక్ చేసే పనినే అక్కడ మనిషి చేస్తున్నాడు. అయితే అక్కడి రోడ్డు ప్రమాద మృతులలో అతి పెద్ద వాటా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారిది. కారు క్యాబిన్ కోసం తయారైన శ్వాస సెన్సరు వారికి అక్కరకు రాదు.

అమెరికాలో స్థిరపడదలచిన తెలుగువారికి శిక్ష భయం కొత్త కాదు. తాగి నడిపి అరెస్టయినవారి వీసాను కోర్టు తీర్పుకు ముందే రద్దు చేసే విధానాన్ని విదేశాంగశాఖ 2015 నుంచి అనుసరిస్తోంది. అంత భయం ఉన్నా తాగినవాడు తాళంచెవి తీసుకుంటూనే ఉన్నాడు. భయపడాల్సిన మెదడే మత్తులో ఉంటుంది మరి. 1974లో తిరగబడ్డ అమెరికన్లు, పదేళ్ళ తరువాత రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చట్టాలు చేస్తుంటే, సీటు బెల్టుకు క్రమంగా అలవాటుపడ్డారు. తాగనివాడిని అడ్డుకోని కొలత, కారు దాటిపోని సమాచారం, పొరపాటు జరిగితే తక్షణ పరిష్కారం, ఈ మూడింటికీ నిబంధనలో హామీ దొరికితే ఈ యంత్రానికీ అలాంటి ఆదరణ రావచ్చు. ఆ నిబంధన రాయడానికి పట్టే ప్రతి ఏడాదికీ మూల్యం వేల ప్రాణాలు.