సోడె యింటిపేరు: పుట్టుక, వ్యాప్తి

తెలుగువారి యింటిపేర్లను గూర్చి యింతవరకు జరిగిన పరిశీలన యెక్కువగా గ్రామనామములను ఆశ్రయించి సాగినది. కందుకూరివారు కందుకూరునకును, వేటూరివారు వేటూరునకును, చిలుకూరివారు చిలుకూరునకును సంబంధించినవారని చెప్పుట కష్టము కాదు. ఊరిపేరునకు విభక్తిరూపము చేరగా ఇంటిపేరు సిద్ధించుచున్నది. కాని గోదావరి కుభయతీరములందును, శబరీనదీ పరిసరములందును నివసించు కోయల యింటిపేర్లకు ఈ మార్గము చెల్లదు. మడకం, మడివి, కుంజా, పొడియం, కురసం, సోయం, సోడె మున్నగు పేర్లలో గ్రామనామము గాని, వృత్తినామము గాని, బిరుదము గాని కానరాదు. ఇవి వంశముల పేర్లు. ఊరు మారినను పేరు మారదు. ఆ పేరు గలవా రే యూరనుండినను ఒక్క కుటుంబముగనే యెంచబడుదురు.

ఈ వర్గమున చేరిన సోడె యను ఒక్క పేరును గ్రహించి, అది యెట్టి నామము, దాని మూలస్థాన మెచ్చటిది, నేడది యే రూపములతో ఏ సీమలందు వ్యాపించియున్నది అను మూడు విషయములను మే మిచ్చట విచారింపదలచితిమి. ఒక యింటిపేరును గూర్చి యింత విచారణ యెందులకని కొందరు శంకింపవచ్చును. ఖమ్మము, భద్రాచలము అడవులలో ఒకడు స్థానికుడా, వలస వచ్చినవాడా అను ప్రశ్న నేడు భూమికి, చదువునకు, ఉద్యోగమునకు సంబంధించిన ప్రశ్నయై నిలిచియున్నది. ఇట్టి ప్రశ్నకు ఇంటిపేరు చెప్పు సాక్ష్యము ఉపేక్షింపదగినది కాదు.

ఇంటిపేరు, గట్టు

కోయల సంఘవ్యవస్థకు పునాది గట్టు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు అని వీరు తమ వంశములను విభజించుకొనిరి. ప్రతి గట్టునందును పెక్కు ఇంటిపేర్లు చేరియుండును. ఒకే గట్టునకు చెందిన యింటిపేర్లవారందరును అన్నదమ్ములు. వారిలో వారికి వివాహము నిషిద్ధము. పిల్ల నిచ్చిపుచ్చుకొనుట వేరు గట్టువారితోనే జరుగవలెను. కావున పరిచయము లేని యిద్దరు కోయలు కలిసికొన్నప్పుడు ఇంటిపేరడుగుట మర్యాదమాత్రము కాదు. తాము పాలివారమా, వియ్యమందదగినవారమా అని తెలిసికొను మార్గమదియే.

ఈ వ్యవస్థ కోయలకే పరిమితమైనది కాదు. ఆదిలాబాదు రాజగోండులను గూర్చి 1948లో ఫ్యూరర్ హైమండార్ఫ్ ప్రకటించిన గ్రంథమునందు నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల వర్గములు వివరింపబడినవి. గోండీలో వానిని నాల్వెన్, సీవెన్, సర్వెన్, ఎర్వెన్ అను సంఖ్యావాచకములతో వ్యవహరింతురు. భద్రాచలము కోయలు అదే వ్యవస్థను తెలుగు సంఖ్యలతో చెప్పుకొనుచున్నారు. సంఖ్యల పేర్లు తెలుగైనవి గాని వాని క్రింద నున్న వంశనామములు తెలుగు కాలేదు. భాషాసంపర్కమున సులభముగ మారునదేదో, మారక నిలుచునదేదో ఈ యొక్క యుదాహరణము చాటుచున్నది.

ఇంటిపేరుతో ఆచారమును, అధికారమును కూడ సంక్రమించును. మేడారము జాతరకు సారలమ్మను కన్నెపల్లినుండి కొనివచ్చు హక్కు కాక వంశమువారిది. పగిడిద్దరాజును పూనుగొండ్లనుండి కొనివచ్చు హక్కు పెనక వంశమువారిది. వంశచరిత్రమును వేల్పుల కొలుపులందు గానము చేయు వృత్తి డోలికోయలది. పడిగె యను చిత్రిత వస్త్రమును ఎదుట నుంచుకొని, డోలు వాయించుచు, ఏ గట్టువా రెచ్చటినుండి వచ్చిరో, ఏ వేల్పును కొలుతురో వారు పాడుదురు. 2022లో పద్మశ్రీ పురస్కారము నంది, 2024లో కీర్తిశేషుడైన మణుగూరు ప్రాంతపు కళాకారుడు సకిని రామచంద్రయ్య ఈ సంప్రదాయమునకు చెందినవాడే. వ్రాతలేని సమాజమున వంశావళికి ఈ గానమే పత్రభాండాగారము.

మూలస్థానము

సోడె పేరునకు ఖమ్మము సీమలో మాత్రమే మూలము వెదకినచో ఫలము స్వల్పము. శబరిని దాటి ఉత్తరమునకు పోవలెను. బస్తరు సంస్థానమున పరిపాలకుడుగా పనిచేసి, తరువాత హైదరాబాదు రాజ్యప్రభుత్వమునందును ఉన్నతోద్యోగము వహించిన గ్రిగ్సన్, 1938లో బస్తరు మారియా గోండులను గూర్చి యొక బృహద్గ్రంథము ప్రకటించెను. అందు దండామి మారియాల వంశములన్నియు ఐదు మహావర్గములుగా చూపబడినవి: మార్వి, కుహ్రామి, సోడి, మార్కామి, కవాసి. తెలుగు సీమలో అనేక యింటిపేర్లలో ఒకటిగా మాత్రమే వినవచ్చు సోడె, అచ్చట ఒక మహావర్గమునకే పేరైనది.

ఈ యైదింటిలో తక్కిన పేర్లును గమనింపదగినవి. మార్వి యనునది మన మడివికిని, మార్కామి యనునది మన మడకమునకును సమానములు. డకారమును గ్రిగ్సన్ రేఫముగా వ్రాసెను. రెండు స్వరముల నడుమ డకారము నాలుక మీటినట్లు తేలికగా పలుకబడుటయే దీనికి కారణము. కుహ్రామిని మన కురసముతో పోల్చవచ్చును. గోండీ మాండలికములలో సకారము హకారమగుట ప్రసిద్ధమే. ఒక్క సోడె పేరు మాత్రమే రెండు ప్రాంతములందు కనబడినచో అది కాకతాళీయ మనవచ్చును. ఒక వ్యవస్థలోని పేర్లు పలువు రెండవ సీమలోను కలిసి కనబడునప్పుడు కాకతాళీయ వాదము నిలువదు.

దీనిని బలపరచు ఐతిహ్యమును గలదు. దుమ్ముగూడెమున క్రైస్తవ మిషనులో పనిచేసిన జాన్ కెయిన్ భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి 1876, 1879 సంవత్సరములలో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో వ్యాసములు ప్రకటించెను. కరవుచేతను కలహములచేతను తమ పెద్దలు బస్తరు పీఠభూమినుండి దిగి వచ్చిరని చెప్పుకొను కోయల కథ ఆయనవలన వ్రాతకెక్కినది. కొండలపై నిలిచిపోయినవారు గుట్టకోయలైరి. కనుక గుట్టకోయ యను పేరు వేరొక జాతిని తెలుపునది కాదు. దిగివచ్చినవారు దిగిరానివారికి పెట్టిన పేరు.

వ్యుత్పత్తి విచారము

తెలుగువాడు ఈ పేరు విన్నంతనే రెండు పదములు స్మృతికి తెచ్చుకొనును. ఒకటి సోది. సోదె చెప్పుట, సోది చెప్పుట మనకు పరిచితములే. రెండవది ఉత్తరాంధ్రమున రాగులకు పేరైన చోడి లేక సోడి. ఈ రెండును గ్రాహ్యములు కావని మా యభిప్రాయము. మొదటిదానిలో దకారమున్నది, ఇంటిపేరులో డకారమున్నది. ఈ డకారము బస్తరులోను, మల్కనగిరిలోను, భద్రాచలములోను స్థిరముగ నిలిచినది. కావున దంత్యాక్షరమునుండి పుట్టినదనుట కాధారము లేదు. రెండవది ధ్వనికి సరిపోయినను దేశమునకు సరిపోదు. సోడి మహావర్గము ప్రబలముగా నున్న దండామి మారియాల సీమ, ఆ మాండలిక పదము వ్యవహారములోనున్న సీమకు దూరమైనది. పైగా మడకం, మడివి, కవాసి మొదలగు తోటి వంశనామములకు ధాన్యార్థము చెప్పవీలులేనప్పుడు, వానితోపాటు వచ్చిన ఒక్కదానికి మాత్రము చెప్పుట యుక్తము కాదు. వినుటకు సామ్యమున్నంతమాత్రమున వ్యుత్పత్తి సిద్ధింపదు. కోయ వంశనామములను కోయ, గోండీ భాషలలోనే విచారింపవలెను.

సరిహద్దులు, రూపభేదములు

ఈ పేరుగలవా రున్న అడవి యొక్కటే. దానిపై గీయబడిన గీతలు మాత్రము పెక్కు. 1860లో గోదావరి ఎడమతీరపు తాలూకాలు నైజామునుండి ఆంగ్లేయులకు సంక్రమించి మధ్యపరగణాలలో చేరెను. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చెను. కుడితీరపు పాల్వంచ సీమ నైజాము రాజ్యముననే యుండిపోయెను. వరంగల్లునుండి 1953లో ఖమ్మము జిల్లా యేర్పడగా, 1959లో భద్రాచలము ప్రాంతము తూర్పు గోదావరినుండి దానిలో కలిసెను. 2014లో పోలవరము ముంపు కారణముగ చింతూరు, కూనవరము, వరరామచంద్రాపురము మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడెను.

శబరి కావలి కోంట ప్రాంతము బస్తరు సంస్థానమున నుండి, 1948లో భారతదేశమున విలీనమై, పిమ్మట మధ్యప్రదేశమునను, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునను, 2012లో సుక్మా జిల్లాలోను చేరెను. మల్కనగిరి జయపురము జమీందారీలో భాగమై మద్రాసు రాజధాని క్రింద నుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రమున చేరి, 1992లో ప్రత్యేక జిల్లా యయ్యెను. సీలేరు శబరిలో కలియు తావున ఈ మూడు రాష్ట్రములును ముఖాముఖిగా నిలుచుచున్నవి.

గీత గీచిన ప్రతిచోటను లిపియు మారినది, వ్రాయసకాడును మారినాడు. ఇంటిపేర్ల నేటి రూపభేదములలో అధికభాగము వీరి చేతిపనియే. తెలుగు లెక్కలలో సోడె యనియు, మల్కనగిరి లెక్కలలో సోడి యనియు, దంతెవాడ ప్రాంతమున సోడి, సోరి అను రెండు తెరగులనుగూడ ఇది వ్రాయబడుచున్నది. నాగరిలో డకారము క్రింద చుక్క పెట్టిన ఒక ధ్వని, చుక్క విడిచిన వేరొక ధ్వని. రోమను లిపిలో అదియే రేఫమగును. ఇట్లే మన మడకం ఒరిస్సాలో మడ్కామి, మన పొడియం అచ్చట పడియామి, మన కుంజా కోంటలో కుంజాం అయినవి.

పేరులోని స్థానమును మారుట విశేషము. భద్రాచలము లోక్‌సభ స్థానమునకు ప్రాతినిధ్యము వహించిన సోడె రామయ్య పేరులో వంశనామము ముందున్నది. 2009లో మల్కనగిరి శాసనసభ స్థానమునుండి ఎన్నికైన ముకుంద సోడి పేరులో అది వెనుకనున్నది. భద్రాచలమునుండి 1985, 1989, 1994 సంవత్సరములలో శాసనసభకు వెళ్లిన కుంజా బొజ్జికిని, 1990లో కోంటనుండి గెలిచిన మనీష్ కుంజాంకును ఇదే భేదము. కాని కోంటకే చెందిన కవాసి లఖ్మా పేరున తెలుగు సీమలోవలెనే వంశనామము ముందున్నది. కావున స్థానభేదము జాతిభేదమునకు గుర్తు కాదు.

ఒకే వంశము మూడు జాబితాలు

షెడ్యూల్డు తెగల జాబితాలో తెలంగాణ, ఆంధ్రప్రదేశములందు ఈ వంశమువారు కోయలు; ఆ పట్టికలోనే గుత్తకోయ యను పేరును గలదు. ఒరిస్సాలో కోయలే. ఛత్తీస్‌గఢ్‌లో గోండు అను శీర్షిక క్రింద కోయ, దోర్ల, దండామి మారియ యను పేర్లు చేర్చబడినవి. ఒకే వంశమున పుట్టిన ముగ్గురు మూడు ప్రభుత్వముల దృష్టిలో మూడు విధములుగా నమోదగుట కిందు అవకాశ మున్నది.

2005లో బస్తరున సల్వాజుడుం పేర కల్లోలము చెలరేగినప్పుడు వేలకొలది కుటుంబములు శబరిని దాటి ఖమ్మము అడవులకు వచ్చి గూడెములు కట్టుకొనెను. వారిని మన ప్రాంతమున గుత్తికోయలని వ్యవహరించుచున్నారు. జాతి పేరు పట్టికలో నున్నను, పరరాష్ట్రమునుండి వచ్చినవారను కారణమున కులధ్రువపత్రము వారికి దుర్లభమైనది. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13 నాటికి సాగులోనున్న భూమికే హక్కు నిచ్చుచున్నది గనుక, తరువాత వచ్చినవారికి ఆ దారియు మూసికొన్నది. ముందు వచ్చిన కోయలకును వీరికిని అడవినేల విషయమున పోటీ లేకపోలేదు. ఆ పోటీలో స్థానికుల భయమును నిరాధారమని త్రోసివేయరాదు.

ఇంటిపేరు న్యాయస్థానమున భూమిపత్రము కాజాలదు. కాని చరిత్రకారుడు చెప్పదగిన మాట యొకటి కలదు. చింతూరు సోడెవారి యింటికి కోంట సోడివారి పిల్లను తెచ్చుటకు కోయ ధర్మ మంగీకరింపదు, ఏలయన వారన్నదమ్ములు. రాష్ట్రములు వారిని పరాయివారనుచున్నవి, వివాహధర్మము సోదరులనుచున్నది. ఈ రెండు సాక్ష్యములలో రెండవదే ప్రాచీనము. కెయిన్ వ్రాసిన నాటి ఐతిహ్యమున కరవును కలహమును ప్రజలను దింపిన దారినే 2005 తరువాతి కుటుంబములును దిగి వచ్చినవి.

చేయవలసిన పని

ఈ విషయమున పరిశోధక విద్యార్థులకు విస్తారమైన క్షేత్రమున్నది. చర్ల, దుమ్ముగూడెము, చింతూరు, కోంట, మల్కనగిరి ప్రాంతముల వోటరు పట్టికలనుండి ఇంటిపేర్లను గ్రామవారీగా సేకరించి, ఒక్కొక్కదానికి గట్టును, వేల్పును, ఉచ్చారణను పెద్దలవలన తెలిసికొని చేర్చవలెను. డోలికోయల గానములను అవి పాడువా రుండగనే ధ్వనిముద్రణము చేయవలెను. లిపిభేదముల నన్నింటిని ఉన్నవి ఉన్నట్లు గ్రహింపవలెనే కాని, ఏదో యొకటి శుద్ధరూపమని తక్కినవానిని దిద్దరాదు. ఆ భేదములే సరిహద్దుల చరిత్రకు ఆధారములు.

ఒక్క జాగ్రత్త మాత్రము వెంటనే అవసరము. రోమను లిపిలోని పట్టికలను తెలుగులోనికి యంత్రముచే మార్చునప్పుడు డకారము దకారము కావచ్చును. అట్లైనచో ఒక వంశము పేరు సోది యగును. పాఠశాల పట్టికలో ఒక రూపమును, ధ్రువపత్రములో వేరొక రూపమును ఉన్న బాలుడు తా నెవ్వడో నిరూపించుకొనవలసి వచ్చును. కోయ గ్రామముల బడులలో పనిచేయు ఉపాధ్యాయులు పిల్లవాని యింటిపేరును కాగితమునుండి కాక వాని తల్లిదండ్రుల నోటినుండి విని వ్రాసికొన్నచో ఈ చిక్కు చాలవరకు తప్పును.