దొరకని సైకిలు, దొరకని మనిషి

1960 మే నెలలో ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవంలో ఆంటోనియోని తీసిన ఇటాలియన్ చిత్రం "లావెంతూరా"ను ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులు ఈలలు వేశారు. గంభీరమైన ఘట్టాల్లో నవ్వారు. దృశ్యం ఎంతకీ మారకపోతే "కట్, కట్" అని కేకలు పెట్టారు. దర్శకుడూ, నాయిక పాత్ర ధరించిన మోనికా విట్టీ హాలు విడిచి వెళ్ళిపోయారు. మరునాడే రొసెల్లినీ మొదలైన దర్శకులూ విమర్శకులూ ఆ అల్లరిని నిరసిస్తూ, చిత్రాన్ని ప్రశంసిస్తూ ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. ఉత్సవం ముగిసేసరికి దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. 1962లో లండన్ పత్రిక "సైట్ అండ్ సౌండ్" విమర్శకుల అభిప్రాయాలు సేకరిస్తే, ప్రపంచ చిత్రాలన్నిటిలో దానికి రెండవ స్థానం దక్కింది.

ఈ ఉదంతాన్ని పామరుల మీద రసికుల విజయంగా చెప్పడం పరిపాటి. నాకది సమ్మతం కాదు. కాన్‌లో ఈలలు వేసినవారు మిల్లు కూలీలు కారు. ఆహ్వానాల మీద వచ్చిన పెద్దమనుషులు, సినిమాయే వృత్తిగా బ్రతికేవారు. "సామాన్యుడికి అర్థం కాదు" అన్న మాట అక్కడ చెల్లదు. (మన సభల్లో ఆ మాటను సామాన్యుడు కానివాడే తరచుగా వాడుతుంటాడు.) మరి వారికి కలిగిన కష్టమేమిటి?

కథ కొంచెమే. కొందరు ధనికులు సిసిలీ దగ్గరి దీవులకు పడవలో విహారానికి వెళ్తారు. లిస్కా బియాంకా అనే రాతి దీవి మీద ఆన్నా అనే యువతి మాయమవుతుంది. ఆమె ప్రియుడు సాండ్రో, స్నేహితురాలు క్లాడియా వెదకడానికి బయలుదేరి, ఒకరికొకరు దగ్గరవుతారు. ఆన్నా దొరకదు. ఆమె ఏమైందో చిత్రం చెప్పదు.

దొరకకపోవడమే నేరమైతే, డిసికా తీసిన "బైసికిల్ థీవ్స్"లో సైకిలు మాత్రం దొరికిందా? 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆ చిత్రాన్ని చూచి మనవారు చలించిపోయారు. పోయిన సైకిలు కోసం రిచ్చీ ఆఖరుకు తానే దొంగ అవుతాడు, కాని వెదకడం మానడు; మానితే ఇంట్లో పొయ్యి వెలగదు. సాండ్రోకు ఆ అవసరం లేదు. మనిషి పోయినా అతని భోజనం ఆగదు. వెదికేవారే వెదకుతున్న సంగతి మరచిపోతారు, వారితోపాటు ప్రేక్షకుడూ మరచిపోతాడు. ఆన్నా పేరు మళ్ళీ వినబడినప్పుడు ఉలిక్కిపడతాడు. హాలులో పుట్టిన కోపానికి మూలం, నా ఊహలో, అదే.

వామపక్ష మిత్రుల ఆక్షేపణ వేరు. శ్రామికుడు లేని చిత్రం మనకెందుకు, ధనికుల విసుగును చూపిస్తూ మనకు విసుగు పుట్టించడమెందుకు అంటారు. ఇందులో కొంత నిజముంది. సిసిలీ ప్రజలు ఈ చిత్రంలో చాలావరకు వీధి గోడల్లా నిలబడి చూస్తుంటారు. 1957లో ఒక కార్మికుణ్ణి నాయకుడుగా పెట్టి "ఇల్ గ్రిదో" తీసిన దర్శకుడికి అది తెలియక కాదు.

కాని నోటో పట్టణంలోని ఘట్టాన్ని వారు మళ్ళీ చూడాలి. సాండ్రో ఒకప్పుడు వాస్తుశిల్పి కావాలనుకున్నవాడు. ఇప్పుడు డబ్బు కోసం ఇతరుల కట్టడాలకు అంచనాలు వేసిపెడతాడు. అక్కడ ఒక యువకుడు పాత కట్టడం బొమ్మ గీస్తుంటాడు. సాండ్రో తాళాల గొలుసును ఆడిస్తూ ఆడిస్తూ సిరాబుడ్డిని బొమ్మ మీదికి ఒలికిస్తాడు. పొరపాటున జరిగినట్టు నటిస్తాడు. తన శ్రమను అమ్ముకున్న మనిషి మరొకడి శ్రమను చూచి ఓర్వలేకపోవడాన్ని ఇంత క్లుప్తంగా చూపిన ఘట్టం నాకు మరొకటి గుర్తుకు రావడం లేదు. ఉపన్యాసం లేదు గనుక వర్గదృష్టి లేదనుకోవడం సరికాదు.

చివర సాండ్రో మరొక స్త్రీతో పట్టుబడి, బెంచీ మీద కూర్చుని ఏడుస్తాడు. క్లాడియా అతని తల మీద చేయి వేస్తుంది. అది క్షమ అని మా విద్యార్థుల్లో సగంమంది అంటారు. లొంగుబాటు అని తక్కినవారు. ఆ చేయి తలమీదికి చేరేముందు గాలిలో చాలాసేపు ఆగిందని ఒక అమ్మాయి గుర్తు చేసింది.