ఆవడి రద్దీకి ఏ ఏడాది ప్రాతిపదిక?

సైన్యం వదిలిన నేలలో ఆఫీసులో ఇళ్లో కడితే రోజుకు ఎన్ని బండ్లు రోడ్డెక్కుతాయి? ఈ లెక్క వేసేవాళ్లు అంతకన్నా ముందు మరొకటి తేల్చుకోవాలి. పెరిగే రద్దీని దేనితో పోల్చాలి? బోసిపోయిన నేలతోనా, సైన్యం కళకళలాడిన రోజులతోనా? అమెరికాలో 1994లో ఫోర్ట్ ఆర్డ్ సైనిక స్థావరం మూతపడింది. మరుసటి ఏడే ఆ ఆవరణలో విశ్వవిద్యాలయం తెరిచారు. అది ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రపు పర్యావరణ నిబంధనలు ఇలాంటి చోట్లకు ఒక వెసులుబాటు ఇచ్చాయి: మూసివేత నిర్ణయం ఖరారైన నాటి పరిస్థితినే ప్రాతిపదికగా తీసుకోవచ్చు. అలా చేస్తే కాగితం మీద కొత్త రద్దీ బాగా తగ్గుతుంది. కొన్నేళ్లు ప్రశాంతతకు అలవాటుపడ్డ ఇరుగుపొరుగుకు మాత్రం ప్రతి బండీ కొత్తదే.

చెన్నై పక్కన తిరువళ్లూరు జిల్లాలోని ఆవడికి ఏ ఏడాదిని ప్రాతిపదికగా తీసుకోవాలి? రెండో ప్రపంచ యుద్ధంలో అది సైనిక స్థావరం. అప్పటికి 1856 నాటి మద్రాసు–ఆర్కాటు రైలు మార్గం ఉండనే ఉంది. సైన్యం దాన్నుంచి పక్క పట్టాలు వేసుకుంది. పట్టాభిరాం మిలిటరీ సైడింగు అన్న పేరు ఇప్పటికీ ఆ సంగతి చెబుతుంది. 1955 జనవరిలో కాంగ్రెస్ మహాసభ జరిగింది ఆవడిలోనే. సోషలిస్టు తరహా సమాజం తీర్మానం అక్కడిదే. 1961లో భారీ వాహనాల కర్మాగారం వచ్చింది, 1965లో తొలి విజయంత ట్యాంకు బయటికొచ్చింది. అప్పటినుంచి ఊరి రద్దీ షిఫ్టు గంటను బట్టి నడిచింది.

అదే జిల్లాలోని చోళవరం కథ వేరు. యుద్ధకాలపు రన్‌వే మీద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1950ల నుంచి దశాబ్దాలపాటు పందేలు నడిపింది. సంవత్సరపు సగటు తీస్తే అక్కడ చెప్పుకోదగ్గ రద్దీయే కనపడదు. పందెం రోజున నెల్లూరు వైపు రోడ్డులో నిలబడినవాడికి ఆ సగటుతో పనేముంది?

ఇలాంటి అంచనాలకు శాస్త్రరూపం వచ్చింది 1950ల్లో, డెట్రాయిట్, షికాగో అధ్యయనాలతో. 1976లో అమెరికా రవాణా ఇంజనీర్ల సంస్థ, ఏ రకం కట్టడానికి ఎన్ని ప్రయాణాలో చెప్పే పట్టికలను గ్రంథంగా తెచ్చింది. వాటిలో చాలా అంకెలు కారులేనిదే గడవని శివారుల్లో లెక్కపెట్టినవి. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మన వీధిని చూసే కొలమానం పెట్టింది. గ్రామీణ రహదారులకు 1990లో ఇచ్చిన పట్టికలో కారు 1 అయితే మోటారు సైకిలు 0.5, లారీ 3, ఎద్దుబండి 8.

ఈ తేడా ఎంతటిదో ఆవడి పక్కనున్న పట్టాభిరాంలో తేలుతుంది. 2024 నవంబరులో అక్కడ 21 అంతస్తుల టైడెల్ పార్కు ఆఫీసు భవనం ప్రారంభమైంది. సుమారు 6,000 ఉద్యోగాలన్నారు. ఒక్కొక్కరూ ఒక్కో కారులో వస్తారనుకుంటే రాకపోకలు కలిపి రోజుకు 12,000 కారు ప్రయాణాలు. సగం మంది రైల్లో, తక్కినవాళ్లు తలో మోటారు సైకిలు మీద వస్తారనుకుంటే, 0.5 చొప్పున అది 3,000 కార్లకు సమానం. కట్టడం ఒకటే, మనుషులూ వాళ్లే. ఊహ మారేసరికి రద్దీ నాలుగో వంతుకు పడిపోయింది. అందుకే రైలు దిగేవాళ్లను లెక్కపెట్టకుండా ఆవడి ప్రాంతం గురించి చెప్పే ఏ అంచనానూ నేను నమ్మలేను.

ఆ రైళ్లలో తిరువళ్లూరు వాళ్లుంటారు, అరక్కోణం మీదుగా తిరుత్తణి నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా మన చిత్తూరు జిల్లాది. సరిహద్దు మారినా బంధుత్వాలూ రాకపోకలూ ఆగలేదు. చెన్నై మహానగర ప్రాంతమేమో 2022 దాకా 1,189 చదరపు కిలోమీటర్లే, తిరువళ్లూరు పట్టణం దాని బయటే ఉండేది. ఆ గీత లోపలే సర్వే చేస్తే, తిరుత్తణి నుంచి రోజూ వచ్చే మనిషి ఇల్లు ఆ లెక్కలో ఉండదు. 2022లో మహానగరాన్ని 5,904 చదరపు కిలోమీటర్లకు పెంచారు.

ఆవడి మీదుగా తిరువళ్లూరు, తిరుత్తణి దాటి రేణిగుంటకు సాగే రోడ్డు కూడా ఆవడి సొంతం కాదు. తిరుపతి యాత్రికులు ఏడాది పొడవునా దాని మీదే వెళతారు. ఆడికృత్తికకు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి కావళ్లు ఎత్తుకుని చిత్తూరు వైపు నుంచీ చెన్నై నుంచీ జనం కదులుతారు. కొత్త ఆఫీసు గేటు ముందు ఒక మంగళవారం ఉదయం బండ్లు లెక్కపెడితే వీళ్లెవరూ కనపడరు. ఆ లెక్క షిఫ్టు మారే వేళ స్టేషను మెట్ల దగ్గరా, పండగ నాడు రోడ్డు మీదా కూడా జరగాలి.