గోడలమీది ముల్కీ శబ్దము

శిలాశాసనములను, తామ్రపత్రములను శ్రద్ధతో పరిశీలించు చరిత్రకారులు సున్నపు గోడలపై వ్రాసిన నినాదములను సామాన్యముగా లెక్కింపరు. ఒక వానకాలమునకు మాసిపోవునవని కాబోలు. కాని ఇల్లందు చరిత్ర వ్రాయబూనినవాడు వలసనుగూర్చియు, కొలువులనుగూర్చియు గోడలకెక్కిన మాటల యర్థమును విచారింపక తప్పదు. ఈ యూరు వలసచేతనే పెరిగినది.

1871 లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతమున బొగ్గు కనుగొనెను. 1886 లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కు పొందెను. 1889 లో త్రవ్వకము మొదలయ్యెను. సమీపమందలి సింగరేణి గ్రామము పేరు 1920 లో కంపెనీ పేరయినది. కోయపల్లెలును అడవియు నున్నచోట బొగ్గుట్ట వెలసెను. రైలు వచ్చెను, దానివెంట కూలీలు, గుమాస్తాలు, వర్తకులు వచ్చిరి. మన కులమువారును అట్లే వచ్చిరి, కొందరు తెలంగాణపు ఇతర తాలూకాలనుండి, కొందరు కోస్తా జిల్లాలనుండి.

ముల్కీ యనునది దేశవాచకమైన 'ముల్క్' అను అరబ్బీ పదమునుండి పుట్టినది. నైజాము ప్రభుత్వపు 1919 నాటి నిబంధనల ప్రకారము ఆ రాజ్యమున జన్మించినవాడే కాక, 15 ఏండ్లు నివసించి, స్వస్థలమునకు మరలిపోవు తలంపు విడిచితినని ప్రమాణపత్రము సమర్పించినవాడును ముల్కీయే. ఈ నియమము నాకు మెచ్చదగినదిగా తోచును. వచ్చినవాని మనస్సేమో కూడ అది అడిగినది.

1952 లో వరంగల్లున ఉపాధ్యాయ నియామకములనుగూర్చి చెలరేగిన ఆందోళనము హైదరాబాదునకు ప్రాకెను. సెప్టెంబరు మాసమున సిటీ కాలేజీ ప్రాంతమున పోలీసు కాల్పులలో ప్రాణములు పోయెను. నాటి నినాదములలో రెండు ప్రసిద్ధములు: 'నాన్ ముల్కీ గో బ్యాక్', 'ఇడ్లీ సాంబారు గో బ్యాక్'. రెండవదానిని చూడుడు. వాచ్యార్థమున ఇడ్లీ నడువజాలదు. బల్లెములు వచ్చుచున్నవన్నప్పుడు బల్లెములు దాల్చినవారు వచ్చుచున్నారని ఆలంకారికులు లక్షణావృత్తిచే గ్రహించినట్లు, ఇచ్చట ఇడ్లీచే దానిని తినువాడు లక్షితుడు. అంతటితో నాగినదా? నీ తిండి వేరు గనుక నీవు పరాయివాడవను వ్యంగ్యార్థ మొకటి మిగిలియున్నది. దానియందు 15 ఏండ్ల లెక్కయు లేదు, ప్రమాణపత్రమునకు విలువయు లేదు. ఇరువది యేండ్లుగా ఇచ్చటనే కాపురముండి పిల్లల పెండ్లిండ్లు చేసినవాడు సైతము ఆ గోడ యెదుట నిన్న రైలు దిగినవానితో సమానుడయ్యెను. అట్లని ఆ నినాదమును తిట్టుగా మాత్రమే చదువుట న్యాయము కాదు. దొంగ ముల్కీ పత్రములతో కొలువులు పొందినవారున్నారను ఫిర్యాదు నిరాధారము కాదు. చదివియు కొలువు దొరకని బాలుని తండ్రికి ఆ గోడమీద తన మొరయే కనబడెను.

1956 ఫిబ్రవరి 20 న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందము స్థానికుల కొలువులకు రక్షణ చెప్పెను. 1969 జనవరిలో మన ప్రక్కనేయున్న పాల్వంచ విద్యుత్కేంద్రపు నియామకములు మరల నిప్పంటించెను. ఖమ్మమున విద్యార్థి నిరాహారదీక్ష పూనెను. 1972 అక్టోబరు 3 న సుప్రీము కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా తెలంగాణమున దానిని న్యాయమనిరి. కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమము లేచెను.

ఈ నడుమ భద్రాచలమువారి స్థితి విచిత్రము. గోదావరి కావలనున్న ఆ తాలూకా 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. ఇంటిపేరును గోత్రమును అడిగి సంబంధము కుదుర్చుకొను మన కులమునందు, ఇల్లందు మామ ముల్కీ, భద్రాచలపు అల్లుడు నాన్ ముల్కీ! 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పిదప చదివిన బడియు, నివసించిన యేండ్లును స్థానికతకు కొలత లయ్యెను. ఖమ్మము జిల్లాలో చేరియుండుటచే అల్లుని పిల్లలును స్థానికులైరి.

మనవారు పరదేశమున ఈ మాట పడినవారే. కోస్తానుండి రంగూను పోయిన తెలుగు కూలీలను బర్మావారు కొరంగీలనిరి. 1930 మేలో రేవు కూలిపనినిగూర్చి రేగిన అల్లరులలో వారనేకులు హతులైరి.

తరువాతి తెలంగాణోద్యమమున 'నీళ్లు, నిధులు, నియామకములు' అను మాట గోడలకెక్కెను. ఇందు పొమ్మనుట లేదు, కావలసినదానిని అడుగుటయే యున్నది. అందుచేత నాకిది మేలైన వాక్యము. 'భాగో' అన్న కేకలును ఆ దినములలోనే వినబడెననుట దాచనవసరము లేదు.

ఇంతకును ఈ గోడలను కోయవాడెట్లు చదివెనో ఎవరును అడుగరైరి. వానికి ముల్కీయు, నాన్ ముల్కీయు ఒకే రైలున దిగినవారు. షెడ్యూల్డు ప్రాంతపు ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకేయని 2000 లో వెలువడిన ప్రభుత్వోత్తర్వును 2020 ఏప్రిలు 22 న సుప్రీము కోర్టు కొట్టివేసినప్పుడు, స్థానికుడెవడను ప్రశ్న వారినోట వెలువడెను. ఆ ప్రశ్న మనలనుద్దేశించినదే.

కావున సంఘసోదరులకు నా విన్నపము: ఇల్లందునకు మీ తాతలు ఏ యేట, ఏ యూరినుండి, ఏ పనికై వచ్చిరో పెద్దలు బ్రతికియుండగనే అడిగి సంఘపు పుస్తకమున వ్రాయింపుడు. అప్పుడచ్చట ఏ పల్లె యుండెనో, అందెవరుండిరో కూడ ఆ పుటలోనే చేర్పుడు.